గేమింగ్ పీసీకి క్యాబినెట్ కొంటున్నారా? లైట్లు కాదు, రేకు చూడండి

అందరికీ నమస్కారమండి. ఈ రోజు క్యాబినెట్ల గురించి, అంటే పీసీ భాగాలన్నీ బిగించే లోహపు పెట్టెల గురించి మాట్లాడుకుందాం.

గ్రాఫిక్స్ కార్డు కోసం నెలంతా బెంచ్‌మార్కులు చూసినవాళ్లు కూడా, క్యాబినెట్ దగ్గరికొచ్చేసరికి మిగిలిన రెండు మూడు వేలల్లో లైట్లు బాగా వెలిగేది ఏదుంటే అది తీసేసుకుంటున్నారు. ప్రాసెసర్ మారుస్తాం, కార్డు మారుస్తాం, ర్యామ్ మారుస్తాం. క్యాబినెట్ మాత్రం ఒకసారి మంచిది కొంటే పదేళ్లు కదలదు. అలాంటి వస్తువుని లైట్లు చూసి కొనకండి, రేకు చూసి కొనండి. ధవళేశ్వరం దిగువన ఉన్న మన ఊళ్లలో అయితే ఇది మరీ ముఖ్యం. ఎందుకో చూపిస్తాను.

టేబుల్ మీద మూడు పెట్టాను. ఎడమవైపుది మూడు వేల లోపు దొరికే రకం. పేరు చెప్పను, ఎందుకంటే ఇదే రేకు రకరకాల స్టిక్కర్లతో మార్కెట్లో తిరుగుతూ ఉంటుంది. మధ్యలోది కోర్సెయిర్ 4000డి ఎయిర్‌ఫ్లో. కుడివైపుది లియాన్ లీ లాన్‌కూల్ 216.

ముందు ఎడమవైపుది. వెర్నియర్ కాలిపర్స్ పెట్టి సైడ్ డోర్ మందం చూస్తున్నాను. పెయింటుతో కలిపి 0.5 మిల్లీమీటర్. బాగా కట్టిన క్యాబినెట్లలో 0.7 నుంచి 0.8 దాకా ఉంటుంది. 0.3 తేడాయే కదా అనిపిస్తుంది. కానీ రేకు వంగకుండా నిలబడే బలం దాని మందం ఘనాన్ని బట్టి పెరుగుతుంది. లెక్క వేస్తే 0.8 రేకు, 0.5 రేకు కంటే నాలుగు రెట్లు గట్టిగా నిలబడుతుంది.

షాపులో కాలిపర్స్ ఎవరూ ఇవ్వరు, అవసరం కూడా లేదు. సైడ్ డోర్లు రెండూ తీసేయండి. పైన ఒక మూల, కింద దానికి ఎదురు మూల పట్టుకుని మెల్లిగా మెలితిప్పి చూడండి. ఇదిగో, ఎడమవైపుది అగ్గిపెట్టెలా ఎలా పక్కకి వాలుతోందో చూడండి. ఇప్పుడు డోర్ మళ్లీ పెడుతున్నాను. గాడిలో కూర్చోవట్లేదు, కింద నొక్కితే పైన లేస్తోంది. మధ్యలోదాన్ని ఇలాగే పట్టుకుని తిప్పుతున్నాను, డోర్ మళ్లీ ఒక్క నొక్కుతో పడింది. షాపులో ఈ పరీక్షకి ఒప్పుకోకపోతే ఇంకో షాపుకి వెళ్లండి. రాజమండ్రిలో, కాకినాడలో, భీమవరంలో షాపులకి కొదవ లేదు.

ఫ్రేమ్ మెలి తిరిగితే నష్టం ఏంటంటే, ఈ కాలం గ్రాఫిక్స్ కార్డులు బరువు. ఆర్‌టీఎక్స్ 4090 లాంటివి రెండు కిలోలకి పైనే ఉంటాయి. ఆ బరువంతా వెనక ప్లేటుకి బిగించిన రెండు స్క్రూల మీద, మదర్‌బోర్డులో కార్డుని గుచ్చే స్లాటు మీద పడుతుంది. ప్లేటు పల్చగా ఉంటే అది వంగుతుంది, కార్డు కిందికి జారుతుంది, స్లాటు మీద ఒత్తిడి పడుతుంది. చిన్న కార్డు వేసేవాళ్లకి అంత టెన్షన్ లేదు గానీ, రెండేళ్ల తర్వాత పెద్దది వేయాలనిపించినప్పుడు మళ్లీ క్యాబినెట్ కొనాల్సి వస్తుంది.

ఇప్పుడు అసలు విషయం, తుప్పు. నరసాపురం, అంతర్వేది, ఓడలరేవు వైపు ఉండేవాళ్లకి నేను చెప్పక్కర్లేదు, కిటికీ ఊచలు ఏమవుతున్నాయో రోజూ చూస్తూనే ఉంటారు. ఉప్పుగాలిలో ఉన్న సన్నని ఉప్పు ఇనుము మీద కూర్చుని గాలిలో తేమని లాక్కుంటుంది. ఆ తడి పొరలో తుప్పు మామూలు కంటే చాలా వేగంగా పడుతుంది. సముద్రానికి దూరంగా ఉన్న తణుకు, పాలకొల్లులో ఉప్పు తక్కువైనా, చుట్టూ కాలవలు, చెరువులు, వరి చేలు. వానాకాలంలో ఉతికిన బట్టలే ఆరవు.

కెమెరా కొంచెం దగ్గరికి తెస్తున్నాను. ఇది సముద్రానికి దగ్గర్లో ఇల్లున్న ఒక ఫ్రెండు వాడేసి పక్కన పెట్టిన క్యాబినెట్. బయట పెయింటు కొత్తదానిలా మెరుస్తోంది. లోపల చూడండి. వెనక స్లాట్ల దగ్గర రేకు కోసిన అంచు వెంబడి సన్నగా నారింజ రంగు గీత. స్క్రూ బిగించిన ప్రతి చోటా దాని తల చుట్టూ గుండ్రంగా మరక. మదర్‌బోర్డుని ఎత్తి పట్టే చిన్న స్క్రూ లాంటి స్టాండాఫ్ ఒకటి తిప్పుతున్నాను, మర పట్టేసింది, రావట్లేదు. గట్టిగా తిప్పితే ప్లేటుతో సహా తిరుగుతోంది.

తుప్పు మధ్యలో మొదలుకాదండి. అంచుల్లో, చిల్లుల్లో, స్క్రూ గీసిన చోట మొదలవుతుంది. పౌడర్ కోటింగ్ పెయింటు పదునైన అంచు మీద పల్చబడిపోతుంది. అందుకే మంచి కంపెనీలు అంచుని లోపలికి మడుస్తాయి, లేదంటే నున్నగా అరగదీస్తాయి. మీరు చేయాల్సింది సింపుల్. డోర్ తీసి లోపలి అంచుల వెంట వేలు జాగ్రత్తగా నడపండి. గీరుకుంటే వద్దు. లోపల కూడా పూర్తిగా పెయింటు ఉందా చూడండి, కొన్నింటిలో బయటికి కనిపించే భాగానికే వేస్తారు. స్పెసిఫికేషన్‌లో ఎస్‌పీసీసీ అని ఉంటే మామూలు కోల్డ్ రోల్డ్ స్టీలు, చాలావాటిలో ఇదే. ఎస్‌జీసీసీ అని ఉంటే జింకు పూత ఉన్న రేకు. అంచు దగ్గర కూడా ముందు జింకు అరుగుతుంది కాబట్టి ఇనుము కొంతకాలం నిలుస్తుంది. సముద్రం ఒడ్డున ఉండేవాళ్లు ఇది దొరికితే వదలకండి. ఇప్పటికే క్యాబినెట్ ఉన్నవాళ్లు, బయట గీతలు పడ్డ చోట రంగులేని నెయిల్ పాలిష్ ఒక పూత వేసుకోవచ్చు. స్టాండాఫ్‌ల మీద, ఎస్‌ఎంపీఎస్ (పీసీకి కరెంటు ఇచ్చే పెట్టె) బిగించే చోట మాత్రం వేయకండి, అక్కడ లోహం లోహాన్ని తాకాలి.

ఆ తాకడం ఎందుకో చెప్పాలి, ఎందుకంటే కామెంట్లలో నెలనెలా వచ్చే ప్రశ్న ఇదే. "క్యాబినెట్ ముట్టుకుంటే జిల్లుమంటోంది, క్యాబినెట్ పాడైందా?" అని. చాలాసార్లు తప్పు క్యాబినెట్‌ది కాదు, ఇంట్లో ఎర్తింగ్‌ది. ఎస్‌ఎంపీఎస్ లోపల కరెంటు వచ్చే చోట ఫిల్టర్ కెపాసిటర్లు ఉంటాయి. ఫేజ్ నుంచి ఒకటి, న్యూట్రల్ నుంచి ఒకటి, రెండూ లోహపు పెట్టెకి కలుస్తాయి. ఎర్త్ సరిగా ఉంటే వాటి ద్వారా వచ్చే ఆ కాస్త కరెంటు నేలలోకి పోతుంది. ఎర్త్ లేకపోతే క్యాబినెట్ మొత్తం సుమారు 115 వోల్టుల దగ్గర తేలుతూ ఉంటుంది. కరెంటు చాలా తక్కువ కాబట్టి జిల్లుమని వదిలేస్తుంది. కానీ ఆ స్థితిలో మానిటర్ కేబుల్, యూఎస్‌బీ కేబుల్ పెడుతూ తీస్తూ ఉంటే పోర్టులు పోయే ప్రమాదం ఉంది. ఎప్పుడైనా నిజంగా ఫేజ్ వైరు పెట్టెకి తగిలితే ఎర్త్ లేని ఇంట్లో ఆ షాక్ నేరుగా మీకే తగులుతుంది. మూడు పిన్నుల సాకెట్ ఉన్నంత మాత్రాన ఎర్త్ ఉన్నట్టు కాదు, మూడో పిన్ను వెనక వైరే లేని ఇళ్లు చాలా ఉన్నాయి. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి చూపించండి. వేల రూపాయల క్యాబినెట్ కంటే ముందు ఆ పని చేయించండి.

క్యాబినెట్ కట్టుబడిలో చిన్న పొరపాటు కూడా ఎంతదాకా పోతుందో ఒక ఉదాహరణ. 2021 ఫిబ్రవరిలో ఎన్‌జెడ్‌ఎక్స్‌టీ అనే క్యాబినెట్ల కంపెనీ తన హెచ్1 మోడల్‌ని అమెరికాలో రీకాల్ చేసింది. కార్డుని మదర్‌బోర్డుకి కలిపే రైజర్ బోర్డుని క్యాబినెట్‌కి బిగించే స్క్రూల దగ్గర షార్ట్ అయ్యి నిప్పంటుకునే ప్రమాదం ఉందని తేలింది. స్క్రూ ఎక్కడ పడుతోంది, దాని పక్కన ఏముంది అన్నది అంత ముఖ్యం.

ఇక గాలి. ముందువైపు మొత్తం అద్దం, పక్కన సన్నని సందు, వెనక మూడు లైట్ల ఫ్యాన్లు. ఈ డిజైన్ మన దగ్గర వద్దండి. బయటి దేశాల రివ్యూల్లో గది 21, 22 డిగ్రీలు ఉంటుంది. మన మే నెలలో ఏసీ లేని గదిలో 36, 37 ఉంటుంది. గది ఎన్ని డిగ్రీలు పెరిగితే కార్డు వేడి కూడా సుమారుగా అన్ని డిగ్రీలు పెరుగుతుంది. అక్కడ 72 చూపించిన కార్డు ఇక్కడ 87 చూపిస్తుంది, ఆ దగ్గర్లోకి వెళ్లాక తన వేగం తనే తగ్గించుకుంటుంది. అందుకే ముందువైపు మెష్, అంటే సన్నని చిల్లుల జాలి, ఉండాల్సిందే.

మెష్ అంటే దుమ్ము వస్తుంది కదా అంటారు. వస్తుంది. సార్వా కోతలప్పుడు, దాళ్వా కోతలప్పుడు మిషన్లు తిరిగితే నూగు ఇళ్లలోకి వస్తుంది. అంబాజీపేట వైపు కొబ్బరి పీచు పొడి ఉంటుంది. ఈ రెండూ తేలికైనవి, ఫ్యాన్ లాగగానే వచ్చి, వేడిని లాగే హీట్‌సింక్ రెక్కల మధ్య చాపలా పేరుకుంటాయి. అందుకని ఫిల్టర్ చేత్తో లాగితే వచ్చేదిగా ఉండాలి, స్క్రూ విప్పి తీసేదైతే ఎవరూ కడగరు. 4000డి ముందు ప్యానెల్ లాగితే వస్తుంది, వెనక ఫిల్టర్ విడిగా ఊడుతుంది, పైన అయస్కాంతంతో అంటుకునేది ఇంకోటి. పంపు కింద పెట్టి కడిగి, పూర్తిగా ఆరాక పెట్టండి. లోపలికి గాలి తెచ్చే ఫ్యాన్లు, బయటికి పంపేవాటి కంటే ఎక్కువ ఉంచండి. అప్పుడు సందుల్లోంచి గాలి బయటికే పోతుంది, దుమ్ము ఫిల్టర్ దగ్గరే ఆగుతుంది.

బల్లుల సంగతి మర్చిపోవద్దు. ఎడమవైపు క్యాబినెట్‌లో వెనక స్లాట్ మూతలు విరిచి తీసేవి. ఒకసారి విరిస్తే మళ్లీ పెట్టడానికి ఉండదు, ఆ కన్నం అలాగే ఉండిపోతుంది. వెచ్చగా, చీకటిగా ఉంటే బల్లి తప్పకుండా వస్తుంది, బోర్డు వెనక అడ్డంగా పడితే షార్టే. స్క్రూతో తీసి పెట్టుకునే మూతలు ఉన్న క్యాబినెట్టే తీసుకోండి.

సైడ్ డోర్ అద్దందైతే ఒక్క జాగ్రత్త. తీసిన అద్దాన్ని నేల మీద అంచుతో నిలబెట్టకండి. టెంపర్డ్ గ్లాసు మధ్యలో దెబ్బని బాగానే తట్టుకుంటుంది, అంచు మాత్రం బలహీనం. మన ఇళ్లలో విట్రిఫైడ్ టైల్ ఆ గ్లాసు కంటే గట్టిది. చిన్న గరుకు తగిలినా మొత్తం ముక్కలైపోతుంది. మంచం మీద, దుప్పటి మీద పడుకోబెట్టండి.

కొలతలు త్వరగా చెప్పేస్తాను. మామూలు సైజు మదర్‌బోర్డు, అంటే ఏటీఎక్స్, 305 బై 244 మిల్లీమీటర్లు, చిన్న సైజు మైక్రో ఏటీఎక్స్ 244 బై 244. 4000డిలో కార్డు పొడవు 360 మిల్లీమీటర్ల దాకా, ప్రాసెసర్ మీద కూలర్ ఎత్తు 170 దాకా పడతాయి. లాన్‌కూల్ 216లో కార్డు సుమారు 390, కూలర్ 180 దాకా. 4000డితో 120 మిల్లీమీటర్ల ఫ్యాన్లు రెండు వస్తాయి, ఇంకోటి మీరు కొనుక్కోవాలి. 216తో ముందు 160 మిల్లీమీటర్లవి రెండు, వెనక 140ది ఒకటి వస్తాయి, పెద్ద ఫ్యాన్లు కాబట్టి మెల్లిగా తిరిగి ఎక్కువ గాలి ఇస్తాయి.

ఏసీ లేని గది, పెద్ద కార్డు అయితే నా ఓటు లాన్‌కూల్ 216కే. చేల పక్కన, పీచు మిల్లుల పక్కన ఇల్లు అయితే విడిగా కడిగే ఫిల్టర్ కోసం 4000డి. బడ్జెట్ అయిదు వేల లోపేనా? పర్వాలేదు, లైట్లు లేని, ముందు మెష్ ఉన్న మైక్రో ఏటీఎక్స్ క్యాబినెట్ చూడండి. చిన్న పెట్టెకి అదే రేకు ఇంకా గట్టిగా నిలుస్తుంది, లైట్లకి పోయే డబ్బు రేకులోకి వెళ్తుంది.

మీ కార్డు పొడవు, కూలర్ ఎత్తు, ఏ ఊరు అన్నది కామెంట్లో రాయండి. సముద్రం దగ్గరా, చేల పక్కనా అన్నది కూడా రాస్తే దానికి సరిపోయేదేదో చూసి చెబుతాను. ఉంటానండి.