అమ్మ వచ్చాడు

పెద్దలకు, రంగస్థలం నేర్చుకుంటున్న పిల్లలకు నమస్కారం.

నేను విశాఖపట్నం సింధియాలో పెరిగాను. బస్సు కండక్టరు "సింధియా, సింధియా" అని కేకేస్తుంటే అదేదో పాత ఊరి పేరనుకునేదాన్ని. 1941లో ఇక్కడ ఓడల కార్ఖానాకు పునాది వేయించిన వాల్‌చంద్ హీరాచంద్ గారి కంపెనీ పేరే ఆ చోటికి ఉండిపోయిందని తర్వాత నాన్న చెప్పారు. 1948లో ఆ కార్ఖానా నుంచి 'జల ఉష' అనే ఓడ నీళ్ళలోకి దిగింది. ఓడలు కట్టడానికి వచ్చినవాళ్ళు ఒక్క జిల్లావాళ్ళు కారు. మా క్వార్టర్ల వరసలో పక్కిల్లు మలయాళీలది, ఎదురిల్లు బెంగాలీలది, వెనకింట్లో బొబ్బిలి వైపువాళ్ళు. నాన్నది శ్రీకాకుళం దగ్గర పల్లె. అమ్మది కటక్.

"ఇన్ని భాషలొచ్చు కాబట్టే మీరు నాటకాల్లో, రేడియోలో, డబ్బింగులో నిలబడ్డారు" అంటుంటారు. నాకు అన్ని భాషలు రావు. మలయాళంలో ఈరోజుకీ ఒక్క వాక్యం సరిగా చెప్పలేను. నాకు వచ్చిందల్లా వినడం. పక్కింట్లో తగువు జరుగుతుంటే మాట ఒక్కటీ తెలియకపోయినా ఎవరు తగ్గుతున్నారో గొంతులోనే తెలిసిపోయేది. ఇప్పటికీ డబ్బింగుకి వెళ్తే కాగితం చూడకముందు ఒకసారి కళ్ళు మూసుకుని వింటాను.

ఎదుటి మనిషిని అనడానికి ఒడియాలో తు, తుమె, ఆపణ అని చనువు నుంచి మర్యాద దాకా మూడు మెట్లున్నాయి. బెంగాలీలో తుయి, తుమి, ఆపని. మనకు ముఖ్యంగా నువ్వు, మీరు. ఒక బెంగాలీ నాటకాన్ని తెలుగు చేస్తున్నప్పుడు ఇక్కడే చిక్కుకుపోయాను. ఆమె అతన్ని 'ఆపని' అనడం మాని మొదటిసారి 'తుమి' అంటుంది. ప్రేమంతా ఆ ఒక్క మాటలో ఉంది. తెలుగులో 'మీరు'ని 'నువ్వు' చేస్తే ఆమెకు కోపం వచ్చినట్టు వినబడింది. మూడు రోజులు కొట్టుకుని చివరికి ఆ మాటే తీసేశాను. అతను సగం తాగి పెట్టిన గ్లాసు తీసుకుని ఆమె మిగతా నీళ్ళు తాగుతుంది, అంతే. ఎంగిలి అంటే ఏమిటో మన ప్రేక్షకులకు ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇక అమ్మ తెలుగు. ఒడియాలో క్రియకు ఆడా మగా తేడా లేదు. అందుకని ముప్ఫై ఏళ్ళు ఇక్కడున్నా అమ్మ "అక్క వచ్చాడు", "మావయ్య వెళ్ళింది" అనేది. బళ్ళో నా స్నేహితులు నవ్వేవాళ్ళు. నేనూ నవ్వాను. ఆ సంగతి ఇన్నేళ్ళయినా నన్ను వదల్లేదు.

పెద్దయ్యాక ఒక స్టూడియోలో కథానాయిక గొంతుకి నన్ను వద్దన్నారు. మాటలో ఇంటి వాసన వస్తోందన్నారు. అదే సినిమాలో పనిమనిషికి మాత్రం "ఆ ఉత్తరాంధ్ర యాస కొట్టండమ్మా, జనం నవ్వుతారు" అన్నారు. 'ఏటి', 'ఎల్లిపోనాడు' అనే మాటలతో మా నాన్నమ్మ నలుగురు పిల్లల్ని పెంచింది, ఇద్దర్ని మట్టిలో పెట్టింది. ఆ మాటల్లో నవ్వు ఎక్కడుందో నాకు తెలియలేదు. అచ్చ తెలుగు ఎవరిదని అడిగేవాళ్ళకి నేను సురభి నాటక సమాజం వాళ్ళని గుర్తుచేస్తాను. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో 'కీచక వధ' ఆడి మొదలైన ఆ కుటుంబాల ఇంటిభాష మరాఠీ. తెలుగు పద్యనాటకాన్ని ఊరూరా మోసినవాళ్ళు వాళ్ళు.

కొన్నేళ్ళ క్రితం షిప్‌యార్డు వెల్డర్ల మీద నాటకం రాశాను. అందులో ఒకతను ఒడిశా నుంచి వచ్చినవాడు. ఊరి నుంచి ఫోనొస్తుంది, పెట్టేసి "మా అమ్మ చనిపోయాడు" అంటాడు. రిహార్సల్లో కుర్రాళ్ళు పగలబడి నవ్వారు. అమ్మ ఆరోజు మూల కుర్చీలో కూర్చుని ఉంది. ఏమీ అనలేదు, పమిట సర్దుకుని కిటికీ వైపు చూసింది.

మాట దిద్దేద్దామనుకున్నాను. దిద్దితే అతను అతను కాడు. అందుకని వెనక్కి వెళ్ళి మొదటి రంగం తిరగరాశాను. అతనికి పొడుగాటి మాటలిచ్చాను: కూలి లెక్క, అద్దె గది, చెల్లి పెళ్ళి. ప్రతి దాంట్లో అదే తప్పు. జనం నవ్వదలుచుకున్న నవ్వంతా అక్కడే నవ్వేయనీ అని. రెండో రంగానికి ఆ తప్పు చెవికి అలవాటైపోతుంది, మనిషి మిగులుతాడు.

ప్రదర్శన రోజు ఆ మాట దగ్గర హాలంతా నిశ్శబ్దం. వెనక వరసలో ఎవరో ముక్కు చీదిన చప్పుడు రంగస్థలం పక్కన నిలబడ్డ నాకు వినబడింది.

నాటకమయ్యాక అమ్మ తెర వెనక్కి వచ్చింది. వెల్డరు వేషం వేసిన అబ్బాయి తల నిమిరి, నా వైపు తిరిగి, "ఈ అబ్బాయి బాగా చేసింది" అంది.

ఆ కుర్రాడు వంగి అమ్మ కాళ్ళకు దణ్ణం పెట్టాడు.