గుణదల తిరునాళ్ల నుంచి మొదలైన స్కౌట్ దళం: ఒక మాస్టారితో మాటామంతీ

హోస్ట్: నమస్కారం. విజయవాడలో ఒక కతోలిక విచారణలో, అంటే ఒక చర్చి పరిధిలోని విశ్వాసుల సంఘంలో, స్కౌట్ దళాన్ని మొదలుపెట్టి, తొలి ఏళ్లు దగ్గరుండి నడిపిన మాస్టారు ఈ రోజు మనతో ఉన్నారు. మాస్టారూ, చర్చికి స్కౌట్లు ఎందుకని అప్పట్లో ఎవరూ అడగలేదా?

మాస్టారు: అడగకేం అమ్మా! తల్లిదండ్రులే అడిగారు. యూనిఫారం, విజిల్ చూసి పోలీసు ట్రైనింగేమో అనుకున్నారు కొందరు. సత్యోపదేశానికి, అంటే చర్చిలో మతబోధ తరగతికి, రావాల్సిన పిల్లలు తాళ్లు ముడులేసుకుంటూ కూర్చోవడం ఏమిటన్నారు ఇంకొందరు. మా విచారణ గురువులు ఒక ఆదివారం పూజ అయ్యాక అందరినీ కూర్చోబెట్టి ఫాదర్ జాక్ సెవాన్ గారి సంగతి చెప్పారు.

హోస్ట్: ఆయనెవరండీ?

మాస్టారు: ఫ్రాన్స్‌లో జెస్విట్ అనే కతోలిక సభకు చెందిన గురువు. స్కౌటింగ్ పుట్టింది ఇంగ్లండ్‌లో కదా. 1907లో బ్రౌన్‌సీ దీవిలో స్కౌటింగ్ స్థాపకుడు బేడెన్ పావెల్ 20 మంది అబ్బాయిలతో మొదటి క్యాంపు పెట్టారు. ఆయన ప్రొటెస్టెంటు కాబట్టి ఫ్రాన్స్ కతోలికుల్లో చాలామందికి అనుమానం. సెవాన్ గారు 1913లో ఇంగ్లండ్ వెళ్లి, కళ్లారా చూసి, బేడెన్ పావెల్‌తో మాట్లాడి వచ్చారు. ఇందులో విశ్వాసానికి అడ్డొచ్చేది ఏమీ లేదని నమ్మకం కుదిరాక, 1920లో అక్కడి కతోలిక స్కౌట్ సంఘాన్ని నిలబెట్టినవారిలో ముఖ్యులయ్యారు. పునీతుల పట్టానికి దారితీసే వెనరబుల్ హోదా 2012లో ఆయనకు దక్కింది. ఆ రోజు ఫాదర్ గారు ఇది చెప్పకపోతే సగం మంది పిల్లలు వచ్చేవాళ్లు కాదు.

హోస్ట్: వేరే మతాల పిల్లలు?

మాస్టారు: మొదటి నుంచీ ఉన్నారు. చర్చి వెనక వీధి పిల్లలందరూ కలిసి ఆడుకునేవాళ్లేగా! మన దేశంలో 1909లో స్కౌటింగ్ వచ్చినప్పుడు తెల్లవాళ్ల, ఆంగ్లో ఇండియన్ల పిల్లలకే చోటు. మన పిల్లల కోసం 1916లో మద్రాసులో అనీబిసెంట్ గారు వేరే సంఘం పెట్టాల్సి వచ్చింది. అలాంటి చరిత్ర ఉన్నదాన్ని మళ్లీ ఒక గుంపుకే పరిమితం చేస్తామా? 1950 నవంబరు 7న ఏర్పడిన భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్‌లో చేరాం. స్కౌట్‌గా చేరేటప్పుడు చేసే ప్రమాణంలో దేవుడి పేరు చెప్పడం ఇష్టం లేనివాళ్లు ధర్మం అనవచ్చు.

హోస్ట్: దళం నిలదొక్కుకుంది ఎప్పుడు?

మాస్టారు: గుణదల తిరునాళ్లతో. 1924లో ఫాదర్ ఆర్లాటి గారు మరియమాత స్వరూపం పెట్టిన కొండ. ఏటా ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో జనం ఎలా వస్తారో మీకు తెలుసు. మంచినీళ్లు అందించడం, తప్పిపోయిన పిల్లల్ని చూసుకోవడం మా వాళ్ల పని.

చిన్నపిల్లలు తప్పిపోతే ఊరు పేరు చెప్పలేరమ్మా. అమ్మ, అమ్మ అంటూ ఏడుస్తారు, అంతే. మా వాళ్లు ఇద్దరిద్దరుగా తిరిగేవాళ్లు. ఒకడు ఆ పిల్లతో కనబడిన చోటే ఉండాలి, కదలకూడదు. రెండోవాడు చొక్కా రంగు, చెవిపోగులు, కాళ్లకు చెప్పులున్నాయా లేదా చీటీ మీద రాసుకుని మైకు దగ్గరికి పరుగెత్తాలి. ఈ పద్ధతి నేను నేర్పింది కాదు. పెట్రోల్ లీడర్‌గా, అంటే దళంలోని ఒక చిన్న జట్టుకు నాయకుడిగా, ఉన్న పద్నాలుగేళ్ల కుర్రాడు పెట్టాడు. వాళ్ల వెనకాలే తిరిగి ప్రతిదీ సరిదిద్దాలని నాకూ ఉండేది, టెన్షన్ కదా! కానీ పెత్తనం పిల్లలకు ఇస్తేనే దళం.

ఒక పెద్దావిడ మెట్ల మీద జారి చెయ్యి బెణికితే, ఒక పిల్లాడు తన స్కార్ఫ్ విప్పి, చెయ్యి ఆనేలా మెడకు వేలాడదీసే స్లింగ్ కట్టాడు. మెడ వెనక కాకుండా పక్కకు, రీఫ్ నాట్ అనే ముడి వేశాడు. అది పలకలా ఉంటుంది, ఎముకకు గుచ్చుకోదు. ఆ పిల్లాడి అమ్మ అక్కడే ఉండి చూసింది. తాళ్ల ముడుల గురించి గట్టిగా అడిగినావిడ ఆవిడే. మరుసటి వారం రెండోవాణ్ణి కూడా తీసుకొచ్చి చేర్పించింది.

హోస్ట్: ఆడపిల్లల సంగతో?

మాస్టారు: సిస్టర్స్ ఆడపిల్లల కోసం గైడ్స్ దళం మొదలుపెట్టారు. డేరా వేయడంలో మా వాళ్లకంటే వాళ్లే చురుకు.

హోస్ట్: ఇప్పుడు ఏ విచారణలోనైనా మొదలుపెట్టాలంటే?

మాస్టారు: యాభై మందిని పోగేయొద్దు. ఆరుగురో ఎనిమిదిమందో చాలు, అది ఒక పెట్రోల్. పది దాటిన పిల్లల్ని తీసుకోండి. బేసిక్ కోర్సు చేసిన పెద్దవాళ్లు ఒకరు తప్పనిసరిగా ఉండాలి. జిల్లా సంఘంలో అడిగితే ఆ కోర్సు ఎప్పుడుందో చెబుతారు. యూనిఫారం కుట్టించడానికి డబ్బుల్లేవని ఆగకండి. కొబ్బరితాడు కొనండి, ఆదివారం పూజ అయ్యాక ఒక గంట కూర్చోండి.