ఓడ రేడియోని హ్యామ్ బ్యాండ్లకి తెచ్చుకోవడం

అందరికీ నమస్కారం. మూత తీసి బల్ల మీద పెట్టిన ఈ బరువైన పెట్టె ఒకప్పుడు ఓడలో పనిచేసింది. 150 వాట్ల పవర్, ఉప్పుగాలికి తట్టుకునే కట్టుబడి, వెనకాల ఇంత హీట్‌సింక్. దీన్ని హ్యామ్ బ్యాండ్లలో, అంటే సరదా కోసం రేడియో నడిపే మనకి కేటాయించిన ఫ్రీక్వెన్సీల్లో, పలికించాలంటే ఒక డయోడ్ కత్తిరిస్తే చాలని చాలామంది అనుకుంటారు, నేనూ అలాగే అనుకున్నాను. కొన్ని సెట్లలో ఓడల ఫ్రీక్వెన్సీలు దాటి ప్రసారం చేయనివ్వని ట్రాన్స్‌మిట్ తాళం నిజంగానే అంత తేలిగ్గా ఊడిపోతుంది. అసలు పని ఆ తర్వాతే.

ఓడలవాళ్లు హెచ్‌ఎఫ్‌లో (షార్ట్‌వేవ్‌లో) మాట్లాడేది అప్పర్ సైడ్‌బ్యాండ్‌లో, అంటే మాట క్యారియర్ ఫ్రీక్వెన్సీకి పై పక్కన వెళ్తుంది. మనకేమో 80, 40 మీటర్ల బ్యాండ్లలో (3.5, 7 మెగాహెర్ట్జ్) లోయర్, అంటే కింది పక్క కావాలి, చాలా మెరైన్ సెట్లలో అది ఉండదు. సెట్ లోపల ఒక్క సైడ్‌బ్యాండ్‌నే వదిలే ఐఎఫ్ ఫిల్టర్ 9 మెగాహెర్ట్జ్ దగ్గర ఉందనుకోండి, దానికి ఒక పక్కన 8998.5 కిలోహెర్ట్జ్ క్యారియర్ క్రిస్టల్ ఉంటుంది. అవతలి పక్కకి 9001.5 క్రిస్టల్ ఇంకోటి పెట్టి చిన్న స్విచ్ వేస్తే సైడ్‌బ్యాండ్ తిరగబడుతుంది. అదంతా చేసేసి, 7100 కిలోహెర్ట్జ్‌లో కలుద్దామని ఒక మిత్రుడికి చెప్పి, అరగంట గొంతు చించుకున్నాను. ఉలుకూ పలుకూ లేదు. చివరికి అతనే వెతుక్కుంటూ పైకి వచ్చి "ఒరేయ్, నువ్వు 7103 మీద ఉన్నావు" అన్నాడు. క్రిస్టల్ మార్చింది నేను, ఆ సంగతి ఫ్రీక్వెన్సీని తయారుచేసే సింథసైజర్‌కి ఎవరు చెప్పాలి? 3 కిలోహెర్ట్జ్ అంటే మాట వెడల్పంత, కాబట్టి అతని ఫిల్టర్‌లో నా గొంతు ముక్క కూడా పడలేదు. ఇప్పుడు లోయర్ ఛానళ్లన్నీ 3 తగ్గించి ప్రోగ్రామ్ చేసుకుంటున్నాను. చూడ్డానికి గలీజుగా ఉంటుంది గానీ పని జరుగుతోంది.

దీనికి మామూలు ట్యూనింగ్ నాబ్ లేదు, 100 హెర్ట్జ్ మెట్లలో కదులుతుంది. మాటకి పర్వాలేదు, సీడబ్ల్యూ (మోర్స్ కోడ్) వాళ్లకి మాత్రం విసుగు.

ఇక లో పాస్ ఫిల్టర్లు, ఒక హద్దుకి పైనున్న ఫ్రీక్వెన్సీలని ఆపేవి. వీటిని ఓడల బ్యాండ్ల కోసం పెట్టారు: 4, 6, 8, 12, 16, 22 మెగాహెర్ట్జ్. మన 7, 14, 21 వాటి మధ్యలోనో పక్కనో పడతాయి కాబట్టి సాధారణంగా గొడవ ఉండదు. నాకు టెన్షన్ 3.5తోనే. దాని రెండో హార్మోనిక్, అంటే రెట్టింపు ఫ్రీక్వెన్సీలో పుట్టే అక్కర్లేని సిగ్నల్, సరిగ్గా 7లో వచ్చి కూర్చుంటుంది, సెట్ గనక 6 మెగాహెర్ట్జ్ బ్యాండ్ ఫిల్టర్‌ని ఎంచుకుంటే, పక్కనే ఉన్న 7ని అది పెద్దగా ఆపదు కాబట్టి ఆ హార్మోనిక్ దర్జాగా యాంటెన్నా దాకా వెళ్లిపోతుంది. డమ్మీ లోడ్ (యాంటెన్నా బదులు పవర్‌ని వేడిగా మింగేసే రెసిస్టర్) మీద కొలవకుండా గాల్లోకి వదలొద్దు. 28 మెగాహెర్ట్జ్ జోలికి నేను పోలేదు.

ఇంకొకటి, నిజానికి ఇది మొదటే చెప్పాల్సింది. డిస్ట్రెస్ (ఆపద) బటన్, డీఎస్‌సీ (ఆపద పిలుపుని డిజిటల్‌గా పంపే ఏర్పాటు) ఉంటే స్క్రూడ్రైవర్ పట్టిన రోజే వాటి వైర్లు విప్పేయండి. 2182 కానీ 2187.5 కిలోహెర్ట్జ్ కానీ ఆపద పిలుపుల కోసం, మన ప్రయోగాలకి కాదు, అక్కడ పొరపాటున అలారం పోతే ఎవరో నిజంగానే వెతకడానికి బయల్దేరతారు. ఒకసారి మార్చిన సెట్‌ని మళ్లీ ఓడ ఎక్కించకూడదు కూడా.

రండి, దగ్గరికి రండి, ఫిల్టర్ బోర్డు చూపిస్తాను. ఆ ఎర్ర వైరు ముట్టుకోకండి, సప్లై ఆన్‌లోనే ఉంది.