పుట్టకూడదు, చావకూడదు: డెలోస్ దీవి నియమం

(తెర మీద: ఏజియన్ సముద్రం మ్యాపు. డెలోస్, రినియా, మికొనోస్, టీనోస్)

గ్రీకుల నమ్మకంలో అపోలో పుట్టింది డెలోస్‌లో. దీవి 3.5 చదరపు కిలోమీటర్ల లోపే. దేవుడు పుట్టిన ఆ నేల మీద మనుషుల పురుడుకీ చావుకీ చోటు లేదు, రెండూ మైలే. మన ఇళ్లలో మైల కొన్నాళ్లకు తీరిపోతుంది. అక్కడ మాత్రం దీవి మొత్తానికి శాశ్వతంగా ఈ నియమం పెట్టారు.

మరి అమలు చేసిందెలా? క్రీ.పూ. 6వ శతాబ్దంలో ఏథెన్స్ పాలకుడు పైసిస్ట్రాటస్ గుడి నుంచి కనుచూపు మేరలో ఉన్న సమాధులు తీయించాడు. క్రీ.పూ. 426-25 చలికాలంలో ఏథెన్స్ వాళ్లు మిగిలినవన్నీ తవ్వేశారు. నెలలు నిండినవాళ్లనీ, కొనఊపిరితో ఉన్నవాళ్లనీ సన్నటి సముద్రపు పాయ దాటించి పక్క దీవి రినియాకు చేర్చాలన్నారు.

(తెర మీద: మికొనోస్ మ్యూజియంలోని కుండలు)

ఆ సమాధుల్లోని ఆయుధాలు, పూడ్చిన తీరు చూసి సగానికి పైగా కారియా (ఇప్పటి టర్కీ నైరుతి ప్రాంతం) వాళ్లవని తేల్చారు. ఈ సంగతి రాసింది గ్రీకు చరిత్రకారుడు థూసిడిడీస్. తరలించిన ఎముకలు, కుండలు ఉన్న గొయ్యి 1898లో రినియాలో బయటపడింది. క్రీ.పూ. 422లోనైతే బతికున్న డెలోస్ వాసులనే వెళ్లగొట్టారు. వాళ్లను మరుసటి ఏడు వెనక్కి రప్పించారు. ఇందులో భక్తి ఎంతుందో, ఏథెన్స్ పెత్తనం కూడా అంతే ఉంది.

ఈ శుద్ధి పట్టింపు ఏథెన్స్ జైలు దాకా పాకింది. డెలోస్‌కు వెళ్లిన యాత్రా ఓడ తిరిగొచ్చేదాకా నగరంలో మరణశిక్ష అమలు చేయకూడదు. యాత్ర మొదలుపెడుతూ ఆ ఓడకు దండ వేసిన మర్నాడే సోక్రటీస్ విచారణ జరిగింది. అందుకే క్రీ.పూ. 399లో ఆయన విషం తాగే ముందు నెల రోజులు జైల్లో ఉన్నాడు.

(తెర మీద: టీనోస్ రేవు, కొండ మీద చర్చి)

పక్కనే ఉన్న టీనోస్‌ది క్రైస్తవ భక్తి. సన్యాసిని పెలాగియాకు దర్శనాలు కలిగాయన్నాక తవ్వితే, 1823 జనవరి 30న మరియమ్మ పటం దొరికింది. అప్పట్లో డెలోస్ రోగులను బయటికి పంపేది, ఇక్కడికి మాత్రం ముఖ్యంగా వచ్చే యాత్రికులు రోగులే. రేవు నుంచి చర్చి దాకా దాదాపు 800 మీటర్ల ఎత్తుదారిని చాలామంది మోకాళ్ల మీద ఎక్కుతారు. రాయికి చర్మం చీరుకుపోకుండా దారి పక్కన తివాచీ పరిచి ఉంటుంది.

వెళ్లేవాళ్లకు: డెలోస్‌కు పడవ మికొనోస్ నుంచి, అరగంట ప్రయాణం. రాత్రి ఉండనివ్వరు. నీడ తక్కువ, కాబట్టి టోపీ, నీళ్లు తప్పనిసరి. జులై, ఆగస్టుల్లో మెల్టెమి అనే ఉత్తరగాలి ఉధృతమైతే పడవలు ఆపేస్తారు. అందుకే డెలోస్‌ను చివరి రోజుకు పెట్టుకోవద్దు. ఆగస్టు 15న మరియమ్మ పండగకైతే టీనోస్‌లో గది చాలా ముందే మాట్లాడుకోవాలి. దొరకనివాళ్లు చర్చి ఆవరణలోనే పడుకుంటారు.