కొలాజెన్ పొడితో ఎముక గట్టిపడుతుందా?

శ్రోతలకు నమస్కారం.

కాలో చెయ్యో విరిగినవారికి మన ఇళ్లలో మేక కాళ్ల సూపు కాచి ఇస్తారు. ఎముకకు ఎముకే బలమని నమ్మకం. ఇప్పుడు అదే నమ్మకంతో మందుల షాపులో కొలాజెన్ డబ్బా కొంటున్నాం.

ఎముకంటే ఒట్టి కాల్షియం కాదు. కాల్షియాన్ని పట్టి ఉంచే అల్లిక ఒకటి లోపల ఉంటుంది. అందులో దాదాపు 90 శాతం కొలాజెన్ అనే మాంసకృత్తే. అలాగని తిన్న కొలాజెన్ నేరుగా వెళ్లి ఎముకలో అతుక్కోదు. పప్పులోని మాంసకృత్తుల్లాగే అదీ అరిగి ముక్కలవుతుంది. కొన్ని చిన్న ముక్కలు మాత్రం రక్తంలోకి చేరుతున్నాయి. ఎముకను కట్టే కణాలను అవి పురిగొల్పుతాయేమోనని పరిశోధకుల ఆశ.

ఆ ఆశకు ఆధారంగా ఎక్కువగా చెప్పేది జర్మనీలోని ఫ్రైబర్గ్ పరిశోధకులు 2018లో ప్రచురించిన అధ్యయనం. నెలసరి ఆగిపోయి, ఎముకలు పలచబడిన 131 మంది స్త్రీలను తీసుకున్నారు. కొందరికి ఏడాదిపాటు రోజూ 5 గ్రాముల కొలాజెన్, మిగతావారికి చూడ్డానికి అలాంటిదే అయిన ఉత్తి పొడి. చివరిదాకా నిలిచింది 102 మంది. ఎముక ఎంత దట్టంగా ఉందో ఆరోగ్యంగా ఉన్న యువతుల ఎముకతో పోల్చి చెప్పే అంకె టి-స్కోరు. కొలాజెన్ తీసుకున్నవారికి వెన్నులో, తుంటి దగ్గర అది సుమారు 0.1 పెరిగింది. అంటే స్కాన్‌లో మైనస్ 2.4 ఉన్నవారికి మైనస్ 2.3 అయినట్టు. మైనస్ 2.5కు దిగితే ఎముకలు గుల్లబారినట్టే లెక్క. కాబట్టి ఇది మంచి కబురే, కానీ చిన్న కబురు. పైగా అధ్యయనానికి అండగా నిలిచింది ఆ పొడి తయారు చేసే కంపెనీయే. ఆ స్త్రీలలో పొడి వాడుతూ వచ్చిన 31 మందిని నాలుగేళ్లు గమనిస్తే ఎముక సాంద్రత ఇంకా పెరిగిందన్నారు. పోల్చి చూడడానికి పొడి తీసుకోనివారు మాత్రం అందులో లేరు. 2010లో వెలువడిన బ్రెజిల్ అధ్యయనంలో 71 మంది స్త్రీలను తీసుకుని, కొందరికి ఆరు నెలలపాటు రోజూ 10 గ్రాముల కొలాజెన్, మిగతావారికి ఉత్తి పొడి ఇచ్చి చూస్తే, రక్తపరీక్షల్లో ఎముకకు సంబంధించిన మార్పేమీ కనబడలేదు. ఆరు నెలలు ఎముకకు తక్కువ గడువేనన్నదీ ఒప్పుకోవాలి.

నాకు ముఖ్యమనిపించే ప్రశ్న వేరు. బాత్రూములో జారిపడితే అమ్మ తుంటి విరుగుతుందా, విరగదా? కొలాజెన్ వల్ల విరగడాలు తగ్గాయని చూపిన పెద్ద అధ్యయనం లేదు. అదే ఎముకలు గుల్లబారినవారికి డాక్టర్లు రాసే అలెండ్రోనేట్ మాత్రను చూడండి. అప్పటికే వెన్నుపూస విరిగిన 2027 మంది స్త్రీలపై జరిగిన అధ్యయనం 1996లో వెలువడింది. మూడేళ్లలో కొత్తగా వెన్నుపూసలు విరగడం సుమారు సగానికి తగ్గింది. అందుకే, పొడి మొదలుపెట్టాం కదా అని డాక్టరు రాసిన మాత్ర మానేసేవారిని తలచుకుంటే భయమేస్తుంది. దయచేసి ఆ పని చేయకండి.

డబ్బుకు ఇబ్బంది లేక పొడి కూడా వాడతానంటే నేను కాదనను. చేతిలో ఉన్నది కొంచెమే అయితే మాత్రం ముందు గుడ్లకు, పాలకు, పప్పుకు పెట్టండి. వంద గ్రాముల రాగుల్లోనే దాదాపు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంది.

శాకాహారులకు ఒక మాట. ఆహారంగా అమ్మే కొలాజెన్ దాదాపు అంతా పశువుల చర్మం, ఎముకలు, చేప పొలుసుల నుంచి తీసిందే. కొనేముందు డబ్బా మీది గుర్తు చూసుకోండి.