60 మంది పిల్లలున్న క్యాథలిక్ స్కూలు: చేర్చే ముందు ఏం చూడాలి?

[తెర మీద: చర్చి పక్కన ఒకే అంతస్తు బడి, గేటు దగ్గర స్కూల్ బస్సు]

ఆస్ట్రేలియాలో సిటీ వదిలి రీజినల్ టౌన్‌కి మారిన మనవాళ్లకి వచ్చే మొదటి టెన్షన్ పిల్లల బడి. ఊళ్లో గవర్నమెంటు స్కూలు ఒకటి, చర్చి పక్కన చిన్న క్యాథలిక్ స్కూలు ఒకటి. రెండోదాంట్లో మొత్తం కలిపి 60 మంది పిల్లలు. చేర్చొచ్చా?

అందరూ ముందు, బడుల వివరాలు పెట్టే ప్రభుత్వ వెబ్‌సైట్ మై స్కూల్ తెరిచి, న్యాప్లాన్ (దేశమంతా పిల్లలు రాసే చదవడం, రాయడం, లెక్కల పరీక్ష) ఫలితాలు చూస్తారు. చూడండి, తప్పులేదు. కానీ ఒక చిన్న లెక్క వేద్దాం.

[తెర మీద: 8 బొమ్మలు, అందులో ఒకటి ఎర్రగా మారుతుంది]

ప్రైమరీలో న్యాప్లాన్ రాసేది 3, 5 తరగతుల వాళ్లే. మూడో తరగతిలో 8 మంది ఉన్నారనుకోండి. వాళ్లలో ఒక్కడు జలుబుతో వచ్చి, సగం రాసి తల వాల్చేశాడు. సగటులో ఆ ఒక్కడి వాటా 12.5 శాతం. 80 మంది రాసే బడిలో అయితే 1.25 శాతమే. వచ్చే ఏడు ఇద్దరు చురుకైన పిల్లలు చేరితే గ్రాఫ్ పైకి లేస్తుంది. టీచరూ అదే, పాఠమూ అదే! ఇంకోటి, 2023లో పరీక్షని మార్చికి జరిపి, ఫలితాలని నాలుగు స్థాయిల్లో ఇవ్వడం మొదలుపెట్టారు. అంతకుముందు అంకెలతో పోల్చకండి.

అదే సైటులో నేను ముందు చూసేది పిల్లల సంఖ్య. నాలుగైదేళ్లుగా తగ్గుతూ వస్తోందంటే టీచర్లు తగ్గుతారు, తరగతులు కలిసిపోతాయి.

[తెర మీద: ఒకే గదిలో రెండు గుంపులు]

కలిసిన తరగతిని అక్కడ కాంపోజిట్ క్లాస్ అంటారు. చిన్న బడి అసలు రంగు తెలిసేది ఇక్కడే. టీచరు చిన్నవాళ్లని కార్పెట్ మీద కూర్చోబెట్టి లెక్కలు చెబుతుంటే, పెద్దవాళ్లు ఏం చేస్తున్నారో చూడండి. వాళ్ల స్థాయి పని వాళ్లు చేసుకుంటుంటే సరే. రంగులు వేస్తూ కూర్చుంటే మాత్రం ఆలోచించాల్సిందే. ప్రిన్సిపాల్ కూడా పాఠం చెబుతారా, వారంలో ఎన్ని రోజులు, ఆఫీసు పని ఎప్పుడు చూసుకుంటారు? మొహమాటపడకుండా అడగండి.

ఇక మతం సంగతి. క్యాథలిక్కులు కాని పిల్లలు ఈ స్కూళ్లలో చాలామందే ఉంటారు. సీట్లు తక్కువుంటే మాత్రం సాధారణంగా బాప్తిస్మం తీసుకున్న క్యాథలిక్ పిల్లలకే ముందు ప్రాధాన్యం. మత బోధన, ప్రార్థన బడిలో భాగమే, "మావాడికి అది వద్దు" అంటే కుదరకపోవచ్చు. మాస్ (క్యాథలిక్కుల సామూహిక ఆరాధన) జరిగేటప్పుడు మన పిల్లలు ఏం చేస్తారో ముందే తెలుసుకోండి. అన్నట్టు, ఆస్ట్రేలియా మొదటి సెయింట్ మేరీ మెకిలప్ 1866లో పెనోలా అనే చిన్న ఊళ్లో బడి మొదలుపెట్టింది గుర్రపుశాలలో! పల్లెటూరి చిన్న బడి అక్కడి క్యాథలిక్కులకి పాత అలవాటే.

ఫీజు విషయంలో ట్యూషన్ అంకె ఒక్కటే చూడకండి. లెవీలు (ట్యూషన్ కాక బడి వసూలు చేసే అదనపు రుసుములు), యూనిఫాం, క్యాంపులు కలిపి ఏడాది మొత్తం ఎంతో అడగండి. కష్టంలో ఉన్న కుటుంబాలకి తగ్గింపు ఉంటుంది, రెండో బిడ్డకీ ఉండొచ్చు, అడిగితేనే చెబుతారు.

ఓపెన్ డే దాకా ఆగక్కర్లేదు. ఓపెన్ డే నాడు గోడల మీద బొమ్మలే కనిపిస్తాయి. ఆఫీసుకి ఫోన్ చేసి, మామూలు రోజున, లెక్కల పీరియడ్‌కి రావచ్చా అని అడగండి.