నీళ్లు ముందా, నమ్మకం ముందా

అందరికీ వందనాలు. పసిపిల్లలకి బాప్తిస్మం ఇవ్వాలా, ప్రతిష్ఠ చేయాలా అనే టాపిక్ మీద మాట్లాడమని అడిగినప్పుడు నేను వెంటనే ఒప్పుకోలేదండి, ఎందుకంటే ఇది మా ఇంట్లోనే తేలని విషయం. నాకు మూడు నెలలప్పుడే బాప్తిస్మం ఇచ్చారు. మా ఆవిడ పెరిగిన సంఘంలో పసిపిల్లలకి ప్రతిష్ఠ మాత్రమే చేస్తారు, అంటే నీళ్లు లేకుండా ప్రార్థన చేసి బిడ్డని దేవునికి అప్పగిస్తారు, బాప్తిస్మం తను పెద్దయ్యాక తనంతట తనే అడిగి తీసుకుంది. మా పాప పుట్టగానే రెండు వైపుల పెద్దవాళ్లూ "ఎప్పుడు చేయిస్తున్నారు" అని ఒకే మాట అడిగారు, కానీ వాళ్ల మనసులో ఉన్నవి రెండు వేరు వేరు సంగతులు.

నా బాప్తిస్మం రోజు మా అమ్మకి ఇప్పటికీ నిన్న జరిగినట్టే గుర్తు. పాస్టర్ గారు అరచేత్తో నా తల మీద మూడుసార్లు నీళ్లు పోస్తే మొదటి రెండుసార్లూ నిద్రలోనే ఉన్నానట, మూడోసారికి లేచి గుక్కపట్టి ఏడ్చానట. నాకేమీ గుర్తులేదు. అసలు గొడవంతా ఇక్కడే ఉంది కదా, గుర్తులేనిది, తను అడగనిది, తను నమ్మి తీసుకోనిది బాప్తిస్మం ఎలా అవుతుంది అని ఒకరు, దేవుడి కృప నువ్వు అడిగాకే వస్తుందా అని ఇంకొకరు.

ముందు ఒక సంగతి. శిశు బాప్తిస్మం అంటే ఇచ్చే చర్చిలన్నిటికీ ఒకే అర్థం అనుకోకండి. కాథలిక్కులకి జ్ఞానస్నానం, బాప్తిస్మాన్ని వాళ్లు అలాగే అంటారు, జన్మపాపాన్ని కడిగేది. లూథరన్లకి అది దేవుడే బిడ్డకిచ్చే వాగ్దానం, మనిషి చేసే పని కానే కాదు. ప్రెస్బిటేరియన్లకి నిబంధన గుర్తు, అంటే దేవుడు తన ప్రజలతో చేసుకున్న ఒప్పందానికి గుర్తు, అబ్రాహాము సంతానానికి ఎనిమిదో రోజు సున్నతి ఎలాగో విశ్వాసుల పిల్లలకి ఇది అలాగ, నీళ్లు పడ్డాయి కాబట్టి రక్షణ ఖాయం అని వాళ్లు చెప్పరు. ఆర్థడాక్స్ వాళ్లయితే పసిబిడ్డని మూడుసార్లు నీళ్లలో ముంచి, వెంటనే నూనెతో అభిషేకించి, ప్రభువు బల్ల రొట్టె, ద్రాక్షారసం కూడా ఇచ్చేస్తారు, ఏదీ తర్వాతకి ఉంచరు. బాప్టిస్టులు, పెంతెకొస్తు వాళ్లు మాత్రం నమ్మి ఒప్పుకున్నవాళ్లకే బాప్తిస్మం అంటారు, బిడ్డని సంఘం ముందుకి తెచ్చి ప్రార్థన చేసి దేవునికి అప్పగిస్తారు.

బైబిల్ తెరిస్తే తేలిపోతుంది అనుకుంటాం. అపొస్తలుల కార్యాల్లో లూదియ, ఆమె ఇంటివారు బాప్తిస్మం తీసుకున్నారు. ఫిలిప్పీ చెరసాల నాయకుడు అర్ధరాత్రి పౌలు సీలల గాయాలు కడిగి, ఆ గంటలోనే తనూ తనవాళ్లందరూ బాప్తిస్మం పొందారు. ఆ ఇళ్లలో ఉయ్యాలలో పిల్లలున్నారా? రాయలేదు. ఉన్నారని గట్టిగా చెప్పేవాళ్లూ లేరని గట్టిగా చెప్పేవాళ్లూ రాయనిదాన్ని చదువుతున్నారు, అది నిజాయితీగా ఒప్పుకోవాలి. మార్కు 10లో యేసు ప్రభువు పిల్లల్ని ఎత్తి కౌగిలించుకుని చేతులుంచి ఆశీర్వదించాడు, బాప్తిస్మం ఇచ్చినట్టు లేదు, అయినా 1662 నాటి ఆంగ్లికన్ ప్రార్థన పుస్తకంలో శిశు బాప్తిస్మానికి చదివే సువార్త భాగం అదే, ప్రతిష్ఠ చేసే సంఘాల్లో చదివేదీ చాలాసార్లు అదే.

ప్రతిష్ఠ అనగానే సమూయేలు ప్రవక్త తల్లి హన్నా పేరు చెప్తాం. కానీ ఆ అధ్యాయం నెమ్మదిగా చదవండి. ఆమె పాలు మాన్పించిన పిల్లాడిని షిలోహు మందిరంలో యాజకుడు ఏలీ దగ్గర నిజంగానే వదిలేసి వచ్చింది. తర్వాత ఏటేటా ఒక చిన్న అంగీ కుట్టి పట్టుకెళ్లేది. పిల్లాడు ఏడాదికి ఎంత పెరిగి ఉంటాడో పక్కన లేకుండానే ఊహించుకుని కొలత పెట్టుకుని కుట్టి ఉంటుంది ఆ తల్లి. నాకు ఆ వచనం దగ్గర ఎప్పుడూ గొంతు పట్టేస్తుంది. మనం పది నిమిషాల్లో ముగించి ఫోటోలు దిగే ప్రతిష్ఠకి ఆమె పేరు వాడేటప్పుడు కొంచెం భయం ఉండాలి.

చరిత్ర కూడా ఎవరి వైపూ పూర్తిగా లేదు. క్రీస్తు శకం 200 ప్రాంతంలో టెర్టులియన్ అనే క్రైస్తవ రచయిత పిల్లల బాప్తిస్మం ఆలస్యం చేయడమే మంచిదని రాశాడు, అంటే అప్పటికే ఇస్తున్నారు అని అర్థం కదా. 253 ప్రాంతంలో కార్తేజ్ బిషప్ సిప్రియన్, తోటి బిషప్పులు ఎనిమిదో రోజు దాకా కూడా ఆగక్కర్లేదు అన్నారు. మళ్లీ నాలుగో శతాబ్దంలో విశ్వాసుల ఇళ్లలోనే వాయిదా వేసేవాళ్లు. తర్వాత గొప్ప వేదాంతి అయిన అగస్టీన్ తల్లి మోనికా ఎంతో భక్తిపరురాలు, అయినా కొడుకుకి పసితనంలో బాప్తిస్మం ఇప్పించలేదు, చిన్నప్పుడు జబ్బు చేసి పోతాడేమో అన్నప్పుడు ఏర్పాటు చేసి, తగ్గగానే ఆపేసింది, చివరికి 387లో మిలాన్‌లో బిషప్ ఆంబ్రోస్ చేతుల మీదుగా తీసుకున్నాడు. అదే అగస్టీన్ తర్వాత శిశు బాప్తిస్మానికి అందరికంటే గట్టిగా వాదించాడు. 1525 జనవరిలో జ్యూరిక్‌లో కొంతమంది ఒక ఇంట్లో చేరి, నమ్మినవాళ్లుగా మళ్లీ బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్లలో ఫెలిక్స్ మాంజ్‌ని రెండేళ్లకి, 1527లో, అక్కడి లిమ్మట్ నదిలో ముంచి చంపారు. చంపించింది ప్రొటెస్టంట్ సంస్కరణ ఒప్పుకున్న క్రైస్తవ ప్రభుత్వమే. మనం ఈ విషయం మీద గొంతు పెంచే ముందు ఆ నదిని ఒకసారి తలుచుకోవాలి.

ఇప్పుడు నేను ముఖ్యంగా చెప్పాలనుకున్న సంగతికి వస్తాను. పసిపిల్లలకి బాప్తిస్మం ఇచ్చే పాశ్చాత్య చర్చిలు చాలావరకు, పెద్దయ్యాక ఆ బిడ్డ తన నోటితో చెప్పడానికి కన్ఫర్మేషన్ లాంటిది పెట్టుకున్నాయి. పెద్దవాళ్లకే ఇచ్చే సంఘాలేమో పుట్టిన బిడ్డని ఊరికే వదిలేయలేక ప్రతిష్ఠ పెట్టుకున్నాయి. అంటే రెండు వైపులా బిడ్డని స్వీకరించే రోజొకటి, బిడ్డ తనే ఒప్పుకునే రోజొకటి, రెండూ కావాల్సి వచ్చాయి, నీళ్లు ఏ రోజున పెట్టాలన్న దగ్గరే తేడా. తేడా చిన్నదని నేను అనట్లేదు. నా మనసు ప్రతిష్ఠ వైపే ఉంది, ఎందుకంటే కొత్త నిబంధనలో మారుమనస్సు, నమ్మకం, బాప్తిస్మం ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకునే నడుస్తాయి. కానీ ప్రతిష్ఠని నీళ్లు లేని బాప్తిస్మంలా చూడొద్దు, అది బిడ్డకి ఏ హోదా ఇవ్వదు, అక్కడ మాట ఇచ్చేది తల్లిదండ్రులూ సంఘమూ.

నా బాప్తిస్మం సంగతి అడుగుతారు. ఒక సంఘంలో చేరబోతే నీది చెల్లదు, మళ్లీ తీసుకో అన్నారు. వాళ్ల మనస్సాక్షి అది, అర్థం చేసుకోగలను. అమ్మకి చెప్తే చాలాసేపు మాట్లాడలేదు, తర్వాత "అయితే ఆ రోజు మేం చేసిన ప్రార్థన ఎక్కడికి పోయిందిరా" అంది. నేను మళ్లీ తీసుకోలేదు. 1982లో లిమాలో ఎన్నో చర్చిల వాళ్లు కూర్చుని ఆమోదించిన పత్రంలో కూడా, బాప్తిస్మం మళ్లీ ఇచ్చేదిలా కనిపించే ఏ పనీ చేయొద్దని ఉంది. నజరేన్ చర్చిలోనైతే తల్లిదండ్రులు రెండింటిలో ఏదైనా కోరుకోవచ్చు, ఒకే బెంచీ మీద రెండు రకాల వాళ్లూ కూర్చుంటారు.

ఇంకొకటి చెప్పకుండా దిగలేను. బాప్తిస్మం అందకముందే బిడ్డ చనిపోయిన ఒక తల్లి నన్ను అడిగింది, నా బిడ్డ ఎక్కడుంది అని. ఆ తల్లి దగ్గర వాదన మొదలుపెట్టే హక్కు ఎవరికీ లేదు. జ్ఞానస్నానం అంత అవసరం అనే కాథలిక్ చర్చి కూడా అలాంటి బిడ్డల్ని దేవుని కనికరానికి అప్పగిస్తుంది, 2007లో ఆ చర్చి వేదాంతుల కమిషన్ వాళ్ల రక్షణ కోసం ఆశపడటానికి గట్టి కారణాలున్నాయని చెప్పింది. నేను ఆమెకి మార్కు 10 చదివి వినిపించి పక్కనే కూర్చున్నాను.

మా పాపకి ప్రతిష్ఠే చేయించాం. అమ్మ వచ్చింది, సంఘాన్ని నిలబడి మాట ఇమ్మన్నప్పుడు అందరికంటే ముందు లేచింది. ఇప్పుడు పాపకి తొమ్మిదేళ్లు. మొన్న ఆదివారం ప్రభువు బల్ల పళ్లెం మా వరసలోకి వచ్చి, ఇంకా బాప్తిస్మం తీసుకోని తనని దాటి వెళ్లిపోతే నా చొక్కా లాగి "నాకెందుకు ఇవ్వరు నాన్నా, నేనూ యేసయ్యని నమ్ముతున్నాగా" అంది. ఆ రాత్రి నుంచి ఇద్దరం కలిసి మార్కు సువార్త చదువుతున్నాం, రోజుకి కొంచెం, నాలుగో అధ్యాయంలో ఉన్నాం.